శాండ్ మోడ్ నొక్కే ముందు టైర్లలో గాలి తీయండి

రివ్యూలు రాసే మాకు ఒక పాత జబ్బు ఉంది. ఫోన్ కెమెరాలో కొత్త మోడ్ కనిపిస్తే చాలు, దాని పేరు చూసే సగం మార్కులు వేసేస్తాం. నైట్ మోడ్ అని రాసి ఉంటే చీకట్లో ఫొటో వచ్చేసినట్టే లెక్క. గత నవంబర్‌లో ఇదే జబ్బు నన్ను మూడు టన్నుల ఎలక్ట్రిక్ పికప్‌తో సహా సముద్రం ఒడ్డున ఇసుకలో కూర్చోబెట్టింది. ట్రక్ ఏ కంపెనీదో చెప్పను. తప్పులో సగం నాదే, పైగా ఇది ఒక్క కంపెనీ కథ కాదు.

నేను ఉండేది నార్త్ కరోలినాలోని క్యారీలో. అక్కడి నుంచి తూర్పుకు ఐదు గంటలు డ్రైవ్ చేస్తే కేప్ హ్యాటరస్ వస్తుంది. అట్లాంటిక్‌లోకి పొడుచుకెళ్ళిన సన్నటి ఇసుక దీవి. ఇక్కడ బీచ్ మీద బండి నడపడం చట్టబద్ధం, కానీ ఊరికే కాదు. నేషనల్ పార్క్ సర్వీస్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. గంటకు 15 మైళ్ళు దాటకూడదు. బండిలో పార, జాకీ, జాకీ కింద పెట్టే చెక్క, తక్కువ ప్రెజర్ కొలిచే టైర్ గేజ్ తప్పకుండా ఉండాలి. మా దగ్గర మొదటి మూడూ ఉన్నాయి. గేజ్ లేదు. డ్యాష్‌బోర్డ్ స్క్రీన్ మీద నాలుగు టైర్ల ప్రెజర్ రంగుల్లో కనిపిస్తుంటే పది డాలర్ల పుల్ల ఎందుకు అనుకున్నాం.

ట్రక్ మా ఫ్రెండ్‌ది, స్టీరింగ్ నా చేతిలో. వెనక సీట్లో వాడి నాన్నగారు. నెల్లూరు నుంచి వచ్చి నెల అయింది. బక్స్‌టన్ దగ్గర ర్యాంప్ 44 వద్ద ఆగినప్పుడు చేపలు పట్టేవాళ్ళంతా దిగి టైర్ల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. అంకుల్ అది చూసి, "వాళ్ళంతా గాలి తీస్తా ఉండారే, మనం తీయొద్దా?" అన్నారు. వాడు నవ్వి, "ఇది ఈవీ నాన్నా, శాండ్ మోడ్ ఉంది" అన్నాడు. నేను నొక్కాను. స్క్రీన్ మీద ఇసుక దిబ్బల బొమ్మ వచ్చింది. చాలా బాగుంది ఆ యానిమేషన్, ఒప్పుకోవాలి.

ర్యాంప్ దాటాక వంద మీటర్లు హాయిగా వెళ్ళాం. ఎదురుగా ఒక పాత పికప్ వస్తోంది. దారి ఇద్దామని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను. వన్ పెడల్ డ్రైవింగ్ ఆన్‌లో ఉంది. కాలు తీస్తే బండి తనంతట తనే బ్రేక్ పడినట్టు ఆగుతుంది, బ్యాటరీలోకి కరెంటు వెనక్కి వెళ్తుంది. సిటీలో అది వరం. మెత్తటి ఇసుకలో అలా ఆగితే ముందు టైర్లు తమ ముందే ఇసుకను గుట్టగా తోసుకుంటాయి. మళ్ళీ కదలాలంటే ఆ గుట్ట ఎక్కాలి. నేను కాలు నొక్కాను. మోటార్ టార్క్ మొత్తం ఒక్కసారిగా ఇచ్చేసింది, నాలుగు చక్రాలూ గిర్రున తిరిగి గోతులు తవ్వుకున్నాయి. "ఇంకాస్త తొక్కు అబ్బాయ్, వస్తది" అన్నారు అంకుల్. తొక్కాను. (గాలి విషయంలో ఆయన మాట వినలేదు, ఈ విషయంలో విన్నాను. రెండూ తప్పే.) పది సెకన్లలో బ్యాటరీ కింది ప్లేట్ ఇసుకకు ఆనుకుంది. ఇక చక్రాల మీద బరువే లేదు, బండి పళ్ళెంలా ఇసుక మీద కూర్చుంది.

అసలు సంగతి లెక్కలో ఉంది. చాలామంది "బరువెక్కువ బండి, దిగబడక ఏమవుతుంది" అంటారు. అది సగమే నిజం. ఇసుకకు మీ బండి బరువు తెలియదు, ఒక్కో చదరపు అంగుళం మీద ఎంత ఒత్తిడి పడుతోందో అదే తెలుసు. ఆ ఒత్తిడి ఉజ్జాయింపుగా టైర్లో ఉన్న గాలి ప్రెజర్‌కు దగ్గరగా ఉంటుంది. మనుషులు, సామాను కలిపి మూడు టన్నులంటే 6,600 పౌండ్లు, ఒక్కో చక్రానికి 1,650. రోడ్డు మీద ఉంచే 45 పీఎస్ఐ దగ్గర ఒక్కో టైరు నేలకు ఆనేది దాదాపు 37 చదరపు అంగుళాలు. ఐప్యాడ్ మినీ కన్నా కాస్త చిన్నది. అదే టైర్లో గాలి 20కి దించితే 83 చదరపు అంగుళాలు. 13 అంగుళాల ఐప్యాడ్ ప్రో కన్నా కాస్తే తక్కువ. టైరు గోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి అంకెలు ఖచ్చితంగా ఇవే రావు, కానీ తేడా ఈ స్థాయిలోనే ఉంటుంది. ట్రక్ ఒక్క కిలో తగ్గలేదు, మోటార్ పవర్ పెరగలేదు, కాళ్ళు మాత్రం రెట్టింపుకు పైగా పెద్దవయ్యాయి. హ్యాటరస్‌లో చాలా బండ్లకు పార్క్ సర్వీస్ సూచించేది కూడా ఈ 20 పీఎస్ఐనే.

శాండ్ మోడ్ చేసే పని వేరు. ట్రాక్షన్ కంట్రోల్ పట్టు కొంచెం వదులుతుంది, యాక్సిలరేటర్ స్పందన మారుస్తుంది, కొన్ని బండ్లలో ఎత్తు పెంచుతుంది. ఇవన్నీ పనికొచ్చేవే, గాలి తీశాక. గాలి తీయకుండా ఆ మోడ్ వేస్తే చక్రాలకు ఇంకా స్వేచ్ఛగా గొయ్యి తవ్వుకునే అనుమతి ఇచ్చినట్టు.

నేను దారి ఇవ్వబోయిన ఆ పాత పికప్ మనిషే వచ్చి కాపాడాడు. డెబ్బై ఏళ్ళుంటాయి. తాడు తెస్తాడనుకున్నాను. జేబులోంచి పెన్సిల్ లాంటి గేజ్ తీసి టైరుకు నొక్కి, చూసి, నవ్వాడు. నాలుగూ 18కి దించమన్నాడు. మేం ముగ్గురం తాళంచెవులతో వాల్వ్ నొక్కుతూ కూర్చున్నాం. తర్వాత పారతో బండి పొట్ట కింద, చక్రాల వెనక ఇసుక లాగేశాం. రివర్స్ వేసి, వచ్చిన జాడల్లోనే మెల్లగా, చక్రం తిప్పకుండా వెనక్కి రమ్మన్నాడు. వచ్చింది. తాడు అవసరమే రాలేదు. మొత్తం 40 నిమిషాలు.

ఆ తర్వాత సాయంత్రం దాకా అదే ట్రక్‌లో, అదే ఇసుకలో, అదే డ్రైవర్ తిరిగాడు. కేప్ పాయింట్ దాకా వెళ్ళి వచ్చాం, ఒక్కచోట కూడా చక్రం తడబడలేదు. ఇన్నేళ్ళలో నేను చేసిన అన్ని పోలిక టెస్టుల్లోనూ ఇంత శుభ్రమైన ఫలితం రాలేదు.

టైర్‌తో పాటు మారాల్సింది డ్రైవింగ్. వన్ పెడల్ మోడ్ పూర్తిగా ఆపేయండి, లేదా రీజెన్‌ను అట్టడుగుకు దించండి. ఆగాలంటే బ్రేక్ తొక్కకుండా బండిని దొర్లనిచ్చి ఆగనివ్వండి, వీలైతే పల్లంవైపు. ముందు వెళ్ళిన బండ్ల జాడల్లో వెళ్ళండి, అక్కడ ఇసుక అణిగి ఉంటుంది. మలుపు పెద్దగా, నిదానంగా తిప్పండి. ప్రెజర్ తక్కువున్నప్పుడు గట్టిగా తిప్పితే టైరు రిమ్ నుంచి జారిపోవచ్చు. చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు అంటే ఆ క్షణమే కాలు తీయండి. రెండో ప్రయత్నం యాక్సిలరేటర్‌తో కాదు, పారతో.

తడి ఇసుక గట్టిగా ఉంటుందని నీళ్ళ అంచునే నడిపేవాళ్ళున్నారు. నిజమే, గట్టిగానే ఉంటుంది, పోటు వచ్చేదాకా. అక్కడ దిగబడితే మీకు టైమర్ మొదలైనట్టు. ఆటుకూ పోటుకూ మధ్య ఆరు గంటలకు కాస్త ఎక్కువ ఉంటుంది, కానీ మీరు ఎప్పుడు దిగబడ్డారన్నదాన్ని బట్టి మీ చేతిలో ఒక్క గంటే ఉండొచ్చు. 2024 జూన్‌లో గుజరాత్‌లోని ముంద్రా తీరంలో రీల్స్ కోసం వెళ్ళి నీళ్ళలో ఇరుక్కున్న రెండు ఎస్‌యూవీల వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. మన దగ్గర ఉప్పాడలోనో సూర్యలంకలోనో ఇలాంటిది ప్రయత్నించకండి. హ్యాటరస్‌లో ఉన్నట్టు పర్మిట్లూ, గుర్తు పెట్టిన దారులూ అక్కడ లేవు. జనం స్నానాలు చేసే చోటు అది. పైగా ఆంధ్రా తీరంలో చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి, పైనుంచి ఏమీ కనిపించదు.

ఇంకో విషయం మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రాణాలు పోయాయి. లాగించుకోవాల్సి వస్తే తాడును ట్రెయిలర్ తగిలించే హిచ్ బాల్‌కు ఎప్పుడూ కట్టకండి. సాగిన తాడు లాగుతున్నప్పుడు ఆ ఇనుప బంతి తెగితే ఫిరంగి గుండులా వస్తుంది. రికవరీ కోసమని కంపెనీ ఇచ్చిన హుక్‌కే కట్టాలి. చుట్టూ నిలబడి వీడియో తీసేవాళ్ళను దూరం పంపాకే లాగాలి.

గ్యాడ్జెట్ల సైట్ కాబట్టి ఏం కొనాలో అడుగుతారు. మొదట గేజ్. డ్యాష్‌బోర్డ్ అంకె ఉంది కదా అనకండి, చాలా బండ్లలో నిలబడి ఉన్నప్పుడు అది ఆలస్యంగా మారుతుంది, మీరు 20 అనుకుని 14కి దించేస్తారు. తర్వాత కంప్రెసర్. మళ్ళీ తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపక తప్పదు, తక్కువ గాలితో హైవే మీద వెళ్తే టైరు గోడలు వేడెక్కి పగిలిపోతాయి. నా బ్యాగులో ఉన్న, ఫోన్ పవర్ బ్యాంక్ సైజు ఇన్‌ఫ్లేటర్ మొదటి టైరును 18 నుంచి 30కి తెచ్చేసరికి చేతికి కాలేంత వేడెక్కి ఆగిపోయింది. బైకుకు, చిన్న కారుకు అది మంచిదే. పికప్ టైర్లకు బ్యాటరీకి క్లిప్పులు పెట్టి నడిపే పెద్దది కావాలి, బాక్స్ మీద మాక్సిమం పీఎస్ఐ కాదు, ఆగకుండా ఎన్ని నిమిషాలు నడుస్తుందో చూసి కొనండి. రికవరీ బోర్డులు మూడో స్థానం. టైర్లలో గాలి సరిగ్గా తీస్తే వాటి అవసరం చాలా అరుదు.

ఇప్పుడు కంపెనీల మీద నా అసలు ఫిర్యాదు. అమెరికాలో అమ్మే కొత్త కార్లలో, చాలా పికప్‌లలో టైర్ ప్రెజర్‌ను గమనించే వ్యవస్థ ఉండాల్సిందే. సిఫార్సు చేసిన ప్రెజర్ కన్నా 25 శాతం తగ్గితే హెచ్చరించాలని రూల్. అంటే ఆ రోజు ర్యాంప్ దగ్గర నేను శాండ్ మోడ్ నొక్కినప్పుడు నాలుగు టైర్లలో 45 ఉందని ట్రక్‌కు తెలుసు. ఇసుకలోకి వెళ్తున్నానని నేనే చెప్పాను. వన్ పెడల్ ఆన్‌లో ఉందనీ తెలుసు. మూడు విషయాలూ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. అది నాకు ఇసుక దిబ్బల బొమ్మ చూపించింది. సాయంత్రం, గాలి సరిగ్గా ఉండి బండి హాయిగా నడుస్తున్నంతసేపూ మాత్రం ప్రెజర్ తక్కువైందని పసుపు దీపంతో గోల పెడుతూనే ఉంది.

ఇది సరిచేయడానికి కొత్త హార్డ్‌వేర్ అక్కర్లేదు, ఒక అప్‌డేట్ చాలు. శాండ్ మోడ్ నొక్కగానే "టైర్లలో 45 ఉంది, 20కి దించారా?" అని అడగాలి. దించుతుంటే హారన్‌తో చెప్పాలి. రీజెన్ తనే తగ్గించాలి. తారు రోడ్డు ఎక్కి వేగం పెంచగానే గాలి నింపమని గుర్తుచేయాలి. ఇకపై నా దగ్గరకు వచ్చే ఏ పికప్ రివ్యూలోనైనా ఇది ఉందో లేదో చూస్తాను, లేకపోతే శాండ్ మోడ్‌కు మార్కులు ఉండవు.

అంకుల్ నెల్లూరు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌కు అదే ట్రక్‌లో తీసుకెళ్ళాం. ఎక్కే ముందు నాలుగు టైర్లనూ కాలితో తన్ని చూశారు.