గృహరక్షణము: మేడమెట్లు, పొగదారి



వంటయింటి పొగగూటి నెఱుగని గృహిణి యుండదు. పొయ్యి యంటించినతోడనే పొగ యెవరును దారి చూపకున్నను పైకే పోవును. వేడిగాలి తేలిక యగుటయే దీనికి కారణము. ఈ సంగతిని మనస్సున నుంచుకొని మేడమెట్లను చూచినచో అవియు నొక పొగగూడే యని తోచగలదు. క్రిందినుండి డాబావఱకు తలుపు లేక తెఱచియున్న మెట్లచోటు మనకెట్లో, నిప్పు పుట్టిన వేళ పొగకును అట్లే ఎక్కుదారి.

ఇది వట్టి యూహ కాదు. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదు రూబీ హోటలులో విద్యుత్ స్కూటర్లుంచిన క్రిందిభాగమున నిప్పు పుట్టి, పొగ పై గదులకు వ్యాపింపగా ఎనమండుగురు మరణించిరి. 2025 మే 18వ తేదీ ఉదయము హైదరాబాదున చార్మినారు దాపుననున్న గుల్జార్ హౌజ్ వద్ద, క్రింద అంగళ్లును పైని కాపురమునుగల యింట 17 మంది గతించిరి. వారిలో పసివారును గలరు. ఆ యింటికి ఇరుకైన మెట్లదారి యొక్కటే. రెండుచోట్లను నిప్పు క్రింద, మనుష్యులు పైన. మా చిల్లకూరునకు దాపుననున్న గూడూరువంటి పట్టణములలోను అంగడిపై కాపురములు కలవు గదా!

పెద్ద మేడలలో దీనికి కొంత కాపుదల యేర్పఱుతురు. కప్పుక్రింద నీటిగొట్టములు పఱచి, నడుమనడుమ స్ప్రింక్లరులను చిమ్ముళ్లను బిగింతురు. ఒక్కొక్క దానికి ద్రవము నింపిన చిన్న గాజుబుడ్డి యుండును. సాధారణముగా 68 డిగ్రీల వేడికి అది పగిలి నీరు చిమ్మును. వేడి తగిలినదే పగులును గాని అన్నియు నొక్కమాఱు పగులవు. తిరుగమోత పొగకో అగరువత్తి పొగకో అది చలింపదు.

అయితే మెట్లకొఱకు కప్పున పెద్ద రంధ్రమున్నచోట వేడి కప్పుక్రింద నిలువక పైకి జాఱిపోవును. గాజుబుడ్డి సకాలమున పగులదు. అందుచేత ఆ రంధ్రము చుట్టును, కాలని పలకను సుమారు 18 అంగుళముల లోతున జాలరువలె వ్రేలాడదీయుదురు. ఆ పలకకు ఈవల, సుమారు ఆఱేసి యడుగుల యెడమున చిమ్ముళ్లను దగ్గఱదగ్గఱగా నుంతురు. పలక వేడిని నిలుపును. నీరు తెరవలె దిగి మంటను పైకి పోనీయదు. అయినను పొగ పూర్తిగా నాగదు. గోడల నడుమ మెట్లు కట్టి, తనంతట మూసికొను తలుపు నుంచుటయే ఉత్తమము.

మన యిండ్లకు చిమ్ముళ్లెక్కడివని యందురా? సూక్ష్మము మనకును పనికివచ్చును. మెట్లక్రింది చోటును మనము పాతకాగితములకును, గ్యాసుబండకును, రాత్రియంతయు చార్జి పెట్టు బండికిని విడిచితిమి. పొగగూటి మొదట పొయ్యి పేర్చుట యిదియే. వాని నచటనుండి తీయింపుడు. రాత్రి మెట్లవైపు తలుపులు మూయుడు. డాబాతలుపునకు తాళమున్నచో తాళపుచెవి యెల్లరకు తెలిసినచోట నుండవలెను. మెట్లు పొగతో నిండినచో అందు దిగవలదు. తలుపు మూసి, సందులలో తడిబట్ట క్రుక్కి, కిటికీయొద్ద నిలిచి కేకవేయుచు 101కి ఫోను చేయుడు.

లాక్షాగృహ కథ మన మెల్లరము చదివినదే. నిప్పు పడకమునుపే విదురుడు పంపిన ఖనకుడు బిలము త్రవ్వియుండుటచేతనే పాండవులు బయటపడిరి. రెండవదారి ముందుగా నుండవలెను. మంటలలో త్రవ్వుకొనునది కాదు. ఇల్లు కట్టునప్పుడు వంటగదిని గూర్చి మాత్రమే మనల నడుగుదురు. మెట్లెచట, తలుపెచట, రెండవదారి యెచట నని మేస్త్రిని మనమే యడుగుదము. కల్యాణమండపమునకో బట్టలకొట్టునకో పోయినప్పుడును బిడ్డలకు రెండవ మెట్లదారి చూపుదము.

ఈ పుట చదివి ముగించినతోడనే లేచి, మీ మెట్లక్రింద నేమున్నదో యొకసారి చూడుడు.