వంతెన దాటని వారు

నాట్లు ముగిసినవి, పంట కోతకు రాలేదు. ఈ రెంటి నడుమ కూలివాని చేతికి పని యుండదు, ఇంట గింజ యుండదు. బంగ్లాదేశపు ఉత్తర సీమయగు రంగపూరు ప్రాంతమున ఆశ్వయుజ కార్తీక మాసములందు ఏటేట వచ్చుచుండిన ఈ ఆకలి కాలమునకు అచటి ప్రజలు ‘మొంగా’ యని పేరిడిరి. ఎండకాలము, వానకాలము వలె ఆకలికిని ఒక కాలము, దానికొక పేరు ఏర్పడినవన్నచో ఆ బాధ యెంత పాతదో వేరుగ చెప్ప నక్కరలేదు.

ఈ సీమకును రాజధానియగు ఢాకాకును నడుమ జమునానది యున్నది. బ్రహ్మపుత్రయే బంగ్లాదేశమున ఈ పేరు దాల్చి ప్రవహించును. వరద కాలమున కొన్నిచోట్ల పది కిలోమీటర్లకు మించి వ్యాపించు ఈ నది దేశమును నిలువున రెండుగ చీల్చినది. పడమటి గట్టున పండిన ధాన్యము, కూరగాయలు లారీల కెక్కి, నగర్‌బారీ రేవున నది దాటించు పడవ కొరకు గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దినముల తరబడి కాచుకొని యుండెడివి. రైతు చెమట రేవులోనే కుళ్లిపోయెడిది.

1998 జూన్ 23వ తేదీన ఈ నదిపై 4.8 కిలోమీటర్ల వంతెన ప్రారంభమైనది. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాను ప్రభుత్వ ఋణసంస్థ తలా 20 కోట్ల డాలర్లు అప్పిచ్చినవి. మిగిలిన వ్యయమునకై ప్రభుత్వము ప్రజలపై ప్రత్యేకముగ సుంకము విధించినది. అనగా, ఆ వంతెనలో పేదవాని పైసయు కలదు. రోడ్డు, రైలు, విద్యుత్తు, గ్యాసు నాలుగును ఆ వంతెన మీదుగనే పడమటి తీరము చేరినవి. ఆసియా ఖండమున జరిగిన ఘనకార్యములలో అది యొకటి యనుటలో సందేహము లేదు.

అయితే వంతెన వచ్చిన వెంటనే దారిద్ర్యము ఆ సీమను వీడి పోయినదా? ప్రభుత్వ లెక్కలే సమాధానము చెప్పుచున్నవి. 2000లో బంగ్లాదేశ ప్రజలలో నూటికి 48.9 మంది పేదలు. 2016 నాటికి ఆ సంఖ్య 24.3కు దిగినది. ఇది సామాన్యమైన విజయము కాదు. కాని అదే 2016లో రంగపూరు డివిజనున నూటికి 47.2 మంది పేదలుగనే యుండిరి. ఆ డివిజనులోని కురిగ్రామ్ జిల్లాలో 70.8 మంది. వంతెన తెరచిన పదునెనిమిదేండ్ల తరువాతి మాట యిది!

లోపము వంతెనలో లేదు. వంతెనకును పేదవాని గుమ్మమునకును నడుమ మిగిలిపోయిన దూరములో నున్నది. ఆ దూరమెంతయో తెలిసికొనుటకు 2008లో గరద్ బ్రయన్, శ్యామల్ చౌధురి, ముష్ఫిక్ మొబారక్ అను ఆర్థికవేత్తలు ఆ సీమలోని నూరు గ్రామములలో ఒక పరీక్ష జరిపిరి. మొంగా కాలమున పనికై పట్టణమునకు పోవు షరతుపై కొన్ని కుటుంబములకు సుమారు 600 టాకాలు, అనగా రానుపోను బస్సు ఖర్చులకు సరిపడు మొత్తము, ఇచ్చిరి. ఏ సహాయమును పొందని కుటుంబములలో నూటికి 36 వలస పోగా, సహాయము పొందిన వానిలో 58 పోయినవి. వలస పోయిన వారి ఇండ్లలో తిండి గణనీయముగ మెరుగుపడినది. మరుసటి యేడు డబ్బు ఇవ్వకున్నను వారిలో పలువురు తమంత తామే మరల బయలుదేరిరి.

వంతెన యున్నది, బస్సు లున్నవి, పట్టణమున పని యున్నది. అయినను వారు కదలలేదు. ఇది సోమరితన మనువారు ఆ ఇంటి లెక్క యెరుగరు. ఉన్న నాలుగు రూకలు బస్సు పాలు చేసి, పని దొరకక తిరిగివచ్చినచో బిడ్డలకు గంజియైనను మిగులదు. ధనికునకు నష్టమగునది పేదవానికి ప్రాణాపాయ మగును. పాలమూరు, శ్రీకాకుళముల వలస నెరిగిన తెలుగువారికి ఈ లెక్క క్రొత్తది కాదు.

ఇట్లని బస్సు చార్జీయే సర్వరోగ నివారిణి యనుటయు పొరపాటే. ఆ పథకమును పెద్ద యెత్తున విస్తరించినప్పుడు 2017లో ఆశించిన ఫలము కానరాలేదు. 2019లో నిర్వాహకులే దానిని విరమించిరి. తమ పథకము ఫలించలేదని బహిరంగముగ నొప్పుకొన్న ఆ నిజాయితీ శిలాఫలకములు పాతు ప్రభుత్వములకును ఆదర్శప్రాయము. మొంగా తగ్గుముఖము పట్టుటకు తోడ్పడినవి పెక్కులు: త్వరగా కోతకు వచ్చు వరి వంగడములు, పనిలేని నెలలలో కూలి పనులు, చిన్న ఋణములు, పల్లె రోడ్లు, పట్టణమునకు వలస. 2022 నాటికి రంగపూరున పేదల సంఖ్య నూటికి 24.8కు తగ్గినది. పెద్ద వంతెనకు ఇన్ని చిన్న వంతెనలు తోడు కావలసి వచ్చినది.

మరియొక సంగతి కూడ మరువరాదు. జమునా గర్భమున ఇసుక మేటలపై, మన గోదావరి లంకలలో వలెనే, వేలాది కుటుంబములు జీవించుచున్నవి. వంతెన కొరకు నదిని గట్ల నడుమ బిగించినప్పుడు తమ నేల కోతకు గురియగునని, నిర్వాసితుల లెక్కలో తమను చేర్చలేదని ఆ లంకవాసులు 1996లో ప్రపంచ బ్యాంకు తనిఖీ సంఘమునకు మొరపెట్టుకొనిరి. ఆ తరువాతనే కోతకును వరదకును నష్టపోవువారికి పరిహార ప్రణాళిక యొకటి వెలువడినది. నదిని అంగుళ మంగుళముగ కొలిచిన పటములలో ఆ నదిలోనే కాపురమున్న మనుష్యులు కానరాకపోవుట శోచనీయము.

నేడు ఆసియా దేశములన్నియు వంతెనలను, రహదారులను, రేవులను నిర్మించుకొనుచున్నవి. నిర్మింపవలసినదే. పేదదేశమునకు పెద్దపని యెందుకను వాదము పేదలను రేవులోనే నిలిపి యుంచును. కాని ప్రారంభోత్సవమునాడు కిలోమీటర్లను, కోట్లను లెక్కించు అధికారులు, పదేండ్ల తరువాత మరల వచ్చి మరియొక లెక్క తీయవలెను. ఈ వంతెన దాటినవా రెవరు? దాటలేనివా రెవరు? వారి నాపినది బస్సు చార్జీయా, అప్పా, కోసుకొనిపోయిన నేలయా? ఆ లెక్కకు వలయు వ్యయమును ప్రణాళికలో మొదటనే చేర్చుట న్యాయము. కార్తీకమున ఆ ఇంటి పొయ్యి వెలిగిననాడే వంతెన పని పూర్తియైనట్లు.