ఇంటి వైద్యము: కామెర్లకు ఇంటర్ఫెరాన్ సూదులా?

హోసూరు వైపునుంచి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. కుమారునికి కామెర్లు వచ్చి పదిరోజులయిందట. రక్తం పరీక్షచేసి వైరసు వల్లనే అన్నారట. తెలిసినవారొకరు ఇంటర్ఫెరాన్ సూదులు వేయిస్తే గుణమిస్తుందన్నారట. గాజులు తాకట్టు పెట్టవలసి వస్తుంది, పెట్టమంటారా అని అడిగారు.

తొందరపడకండమ్మా. మనం కామెర్లన్నా, మన చుట్టూ ఉన్న తమిళులు కామాలై అన్నా పేరొక్కటే గాని, దాని వెనుకనుండే ముఖ్యమైన వైరసులు అయిదు: ఎ, బి, సి, డి, ఇ. మీ అబ్బాయికి సోకినది ఏదో పరీక్ష చీటీలో చూడండి. లేకుంటే వైద్యుని అడగండి.

ఎ, ఇ సాధారణంగా చెడిన నీళ్లవల్ల వచ్చి, వాటంతట అవే పోతాయి. (నేలఉసిరి పసరుకు వచ్చిన పేరులో చాలా భాగం వీటి పుణ్యమే!) కొత్తగా బి సోకిన పెద్దవారిలో నూటికి 95 మంది మందులేకుండానే తేరుకుంటారు. వీరికి ఇంటర్ఫెరాన్ అక్కరలేదు. కాలేయం బాగా దెబ్బతిన్నవారికి అపాయం గూడా. డి అన్నది బి ఉన్నవారికే వస్తుంది.

మరి ఆ మందుకంత పేరెందుకు వచ్చింది? 1957లో లండనులో ఐజాక్స్, లిండెన్‌మన్ అనేవారు దీనిని కనిపెట్టారు. దొంగలు పడిన ఇంటివారు కేకవేసి ఇరుగుపొరుగును లేపినట్లు, వైరసు పట్టిన కణం ఈ పదార్థాన్ని వెలువరించి పక్క కణాలను హెచ్చరిస్తుంది. సి వైరసు సంగతి వేరు. పచ్చదనం తగ్గినా అది ఎక్కువమందిలో లోపలే ఉండిపోయి, ఏండ్ల తరబడి కాలేయాన్ని తినివేస్తుంది. 2001లో జర్మనీ వైద్యులు కొత్తగా సి సోకిన 44 మందికి ఇంటర్ఫెరాన్ 24 వారాలు ఇవ్వగా, 43 మంది రక్తంలో వైరసు కనబడకుండా పోయింది. గొప్ప సంగతే. కాని జ్వరం, ఒళ్లునొప్పులు, మనసు కుంగిపోవడం - ఆ సూదులతో రోగులు పడిన బాధ తక్కువ కాదు. ఇప్పుడు సి కి ఆ సూదుల పనే లేదు. 8 నుంచి 12 వారాలు మాత్రలు మింగితే నూటికి 95 మందికి తక్కువ కాకుండా నయమవుతున్నది. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమం క్రింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాలలో ఆ మాత్రలు ఉచితం గూడా. గాజులు చేతికే ఉండనివ్వండి.

చీటీలో సి అని ఉంటే, కళ్లు తెల్లబడ్డాయని వైద్యుని మాత్రం వదలవద్దు. ఇంటిలో గర్భిణులుంటే నీళ్లు కాచి ఇవ్వండి. ఇ వైరసు వారికి ప్రాణం మీదికి తేగలదు. అబ్బాయి మగతగా ఉన్నా, మాట తడబడినా, ఎక్కడైనా రక్తం కారినా, మాకు ఉత్తరం వ్రాస్తూ కూర్చోక ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకొనిపొండి.