చదువు – కొలువు: ఓడ రాలేదని పరీక్ష ఆగదు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో అధిక భాగం పిల్లల చదువులను గురించినవే. ఈ మాసం వచ్చినది మాత్రం ఒక తండ్రి తన చదువును గురించి వ్రాసిన ఉత్తరం. వీరు మన సంస్థలో ఇంజనీరు. ఏడాదిన్నర క్రితం బదిలీపై అండమాన్ చేరారు. వయస్సు నలభై దాటినది. ప్రాజెక్టు నిర్వహణలో స్నాతకోత్తర పట్టాకు దూరవిద్య ద్వారా చదవాలని సంకల్పం. అయితే కుమార్తెకు ఈ ఏడు పదవ తరగతి. భార్యకు ఊరు ఇంకా కొత్త. రెండేళ్ళపాటు సాయంత్రాలను పుస్తకాలకు ధారపోస్తే ఇంటివారికి అన్యాయం చేసినట్లు కాదా అన్నది వారి ప్రశ్న. పేరు వెల్లడించవద్దని కోరారు గనుక వెల్లడించడం లేదు.

సమాధానం చెప్పే అర్హత నాకు కొంత ఉన్నది. ఇదే చదువును, అవే దీవులలో, ఉద్యోగం చేస్తూ నేనూ చదివాను. ఒక పరీక్ష పోగొట్టుకున్నాను కూడా.

2016 డిసెంబరు మొదటి వారంలో కార్యాలయపు పనిమీద హేవ్‌లాక్ దీవికి వెళ్ళాను. దానికి స్వరాజ్ ద్వీప్ అన్న పేరు 2018 చివరలో వచ్చినది. పని రెండు రోజులది; ఆ మరునాడే పోర్ట్ బ్లెయిర్‌లో నా పరీక్ష. ఇంతలో వాతావరణం చెడినది. తరువాత వర్దా తుపానుగా మారి చెన్నై మీద విరుచుకుపడినది ఆ వాయుగుండమే. ఓడల రాకపోకలు నిలిచిపోయినవి. హేవ్‌లాక్, నీల్ దీవులలో వందలాది యాత్రికులు చిక్కుకొనగా, వారిని తరలించడానికి నౌకాదళం రావలసి వచ్చినది. నా సంచిలో ఉన్నది ప్రాజెక్టు నిర్వహణ పాఠ్యగ్రంథం. చదువుతున్న అధ్యాయం ‘ఫ్లోట్’ను గురించినది. ఒక పని ఎన్ని రోజులు ఆలస్యమైనా మొత్తం ప్రాజెక్టు ముగింపు తేదీ చెడకుండా ఉండునో, ఆ వెసులుబాటుకు పెట్టిన పేరది. సిమెంటుకూ ఇనుముకూ ఆ లెక్క చక్కగా కట్టి అసైన్‌మెంట్లలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడిని, నా ప్రయాణానికి ఒక్క రోజైనా వెసులుబాటు ఉంచుకొనలేదు. తప్పు నాది; సముద్రానిది కాదు.

ఇల్లు చేరిన తరువాత మా ఇంటి ఆవిడ ఏమీ అనలేదు. ఆరు నెలలుగా బజారు, బడి, ఆస్పత్రి, బంధువుల ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ ఆమె ఒక్కతే చూసుకున్నది, నేను ఆ పరీక్ష వ్రాస్తానని. ఆ రాత్రి భోజనం వద్ద ఆ మౌనం నేటికీ నాకు గుర్తే.

ఇంతకూ ఈ చదువు ఏమిటి? పనిని చిన్న చిన్న పనులుగా విడగొట్టడం, దేని తరువాత ఏది జరగవలెనో గీసి చూపడం, కాలాన్ని, ధనాన్ని, మనుషులను వాటికి పంచడం, నష్టభయాన్ని ముందుగా అంచనా వేయడం. పనులను అడ్డగీతలుగా చూపే పటానికి అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ పేరు స్థిరపడినది. 1950ల చివరలో డ్యూపాంట్ సంస్థ రసాయన కర్మాగారాల కోసం క్రిటికల్ పాత్ పద్ధతిని, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ పద్ధతిని రూపొందించాయి. గణితం కష్టమైనది కాదు. కూడికలు, తీసివేతలు, కొంత సంభావ్యత. కష్టమంతా ఒక్కొక్క పనికి ఎన్ని రోజులు పట్టునో నిజాయితీగా వ్రాయడంలోనే ఉన్నది.

ఆ నిజాయితీ నేర్పడానికి అండమాన్‌ను మించిన బడి లేదని నా అభిప్రాయం. అక్కడ సాలుకు సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం. మే మాసంలో నైరుతి ప్రవేశిస్తే ఈశాన్యం వెళ్ళేసరికి డిసెంబరు. మట్టిపని, కాంక్రీటు పని నిశ్చింతగా సాగేది జనవరి నుండి ఏప్రిల్ వరకే. సిమెంటు, ఉక్కు చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుండి వేయికి పైగా కిలోమీటర్ల సముద్రం దాటి రావలెను. సముద్రతీరపు ఇసుక తవ్వకాన్ని క్రమంగా మాన్పించవలెనని 2002లో సుప్రీం కోర్టు ఆదేశించినది గనుక ఇసుకకూ ముందుచూపు కావలెను. ఒక ఓడ తప్పితే పోయేది వారం కాదు. ఆ ఏటి పనికాలమే పోవచ్చును. ఉత్తర అండమాన్‌లో డిగ్లిపూర్ సమీపాన కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రాన్ని ఎన్.హెచ్.పి.సి. నిర్మించగా 2001లో ఉత్పత్తి మొదలైనది. సామర్థ్యం 5.25 మెగావాట్లే. ప్రధాన భూభాగంలో దానిని చిన్న పని అందురు. అక్కడికి యంత్రాలు చేర్చడం ఎట్టిదో ఆ దీవులలో ఉన్నవారికే తెలియును.

మరొక ఉదాహరణ చెన్నై నుండి సముద్రగర్భంలో వేసిన కేబులు. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. నిడివి సుమారు 2,300 కిలోమీటర్లు, వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. అమలుపరచినది మన వంటి ప్రభుత్వ రంగ సంస్థయే, బి.ఎస్.ఎన్.ఎల్. ఆ కేబులు రాకముందు నేను ఒక పాఠం దించుకొనుటకు రాత్రి రెండు గంటలకు అలారం పెట్టుకొని లేచేవాడిని. నేటి విద్యార్థికి ఆ బాధ తగ్గినది.

ఇంటి వద్దనుండి చదివి పట్టా పొందే ఈ మార్గానికి మన తెలుగు నేలతో గట్టి బంధం ఉన్నది. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో వెలసినది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదియే. దాని తొలి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయినారు. ఇగ్నోకు పోర్ట్ బ్లెయిర్‌లో, అనగా 2024లో శ్రీ విజయ పురంగా పేరు మారిన పట్టణంలో, ప్రాంతీయ కేంద్రం ఉన్నది. వారి పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. దీవులవాసి ఈ రెండు నెలల పేర్లు వినగానే నవ్వును. ఒకటి నైరుతి నడిమిది, మరొకటి తుపానుల కాలపు తోక.

చేరేముందు చూడవలసినవి కొన్ని ఉన్నవి. ఆ విశ్వవిద్యాలయం ఆ కోర్సును దూరవిద్యలో నడుపుటకు యు.జి.సి. వారి దూరవిద్యా విభాగం అనుమతి ఉన్నదో లేదో ఆ సంవత్సరపు జాబితాలో స్వయంగా చూసుకోవలెను; దళారి మాట నమ్మరాదు. కార్యాలయం నుండి ముందస్తు అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకోవలెను. కొందరు ‘ప్రాజెక్టు నిర్వహణ’ అన్న మాట పట్టాపైనే ఉండాలని పట్టుబట్టుదురు. ఎం.బి.ఏ.లో భాగంగా చదివినా విద్య ఒక్కటే గదా! ఇక పదోన్నతి విషయం నిష్కర్షగా చెప్పవలెను. ఈ పట్టా వచ్చినంతనే పై మెట్టు ఎక్కుదుమన్న ఆశతో చేరినవారు నిరాశపడుట చూశాను. నాకు దక్కినది వేరు. టెండరు కాగితాలలో వ్రాసిన గడువు సాధ్యమా కాదా అని సమావేశంలో లేచి అడిగే ధైర్యం వచ్చినది. అది కొందరికి నచ్చలేదు కూడా.

ఇప్పుడు ఉత్తరం వ్రాసిన సోదరునికి. ఈ జనవరిలో చేరవద్దు. అమ్మాయి పరీక్షలు ముగిసేవరకు ఆ ఇంటి క్రిటికల్ పాత్ ఆమెదే, మీది కాదు. జూలైలో చేరండి. రెండేళ్ళలోనే పూర్తిచేయవలెనన్న పంతం వద్దు. విశ్వవిద్యాలయం అదనపు గడువు ఇచ్చునది మీ వంటివారికోసమే. వారానికి నాలుగు సాయంత్రాలు చాలును. మిగిలిన మూడింటిలో ఒకటి మీ శ్రీమతి గారిది. ఆ పట్టణంలో తెలుగువారికి కొదవలేదు, 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభాలో నూటికి 13 మందికి పైగా మనవారే. ఆమెకు నలుగురు పరిచయమైతే మీ పుస్తకం మీద ఆమెకు కోపం రాదు. ఏ సాయంత్రం ఎవరిదో ఆమెతో కలసి కాగితం మీద వ్రాసి, వంటగది తలుపుకు అంటించండి. మీరు గీసే మొదటి గాంట్ పటం అదే కావలెను. పరీక్షల వారంలో మాత్రం ఏ దీవికీ పర్యటన ఒప్పుకోవద్దు. మూడు మాసాల ముందే పై అధికారికి వ్రాసి ఇవ్వండి.

నా పాత పుస్తకాలు ఒక పెట్టెడు ఉన్నవి. కొన్నింటికి హేవ్‌లాక్ వాన మరకలున్నా అక్షరాలు చెడలేదు. జూలైలో చేరిన వార్త అందగానే విశాఖ ఓడలో పంపుతాను. ఆ ఓడ ఎప్పుడు చేరునన్నది మాత్రం నన్నడగవద్దు.