కారు లేని సదస్సుకు కారులోనే వెళ్ళాలా?

* ఆతిథ్యానికి హైదరాబాద్‌ అర్హత ఎంత?
* వేదిక, విమానాశ్రయం రంగారెడ్డి జిల్లాలోనే
* శివారు పల్లెలకు నేటికీ బస్సే దిక్కు

ఇబ్రహీంపట్నం: అంతర్జాతీయ సదస్సులకు ఆతిథ్యమివ్వడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 2006 మే నెలలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం, 2012 అక్టోబరులో జీవవైవిధ్య సదస్సు, 2014 అక్టోబరులో మెట్రోపొలిస్‌ మహాసభ, 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ఇక్కడే జరిగాయి. కాగా, కార్లపై ఆధారపడని నగర జీవనాన్ని చర్చించేందుకు 1997 నుంచి 2011 వరకు జరిగిన పది అంతర్జాతీయ సదస్సులలో ఒక్కటి కూడా దక్షిణాసియా గడప తొక్కలేదు. ఏటా సెప్టెంబరు 22న ప్రపంచ కారు రహిత దినం జరుపుకొంటున్న నేపథ్యంలో, అటువంటి సదస్సు మళ్ళీ జరిగితే ఆతిథ్యం కోరే అర్హత మన రాజధానికి ఉన్నదా అన్నది పరిశీలించదగిన విషయం.

ఏ నగరాలు ఎంపికయ్యాయి?

ఈ సదస్సుల పరంపర ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మొదలైంది. 2000లో రుమేనియాలోని తిమిషోవారా, 2003లో ప్రేగ్‌, 2004లో బెర్లిన్‌, 2005లో బుడాపెస్ట్‌, 2006లో బొగోటా, 2007లో ఇస్తాంబుల్‌, 2008లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌, 2010లో ఇంగ్లండ్‌లోని యార్క్‌, 2011లో మెక్సికోలోని గ్వాడలహారా వీటికి వేదికలయ్యాయి. వీటిలో మహానగరాలూ ఉన్నాయి, తిమిషోవారా, యార్క్‌ వంటి చిన్న పట్టణాలూ ఉన్నాయి. అద్దాల మేడలు, విశాలమైన సభా మందిరాలు మాత్రమే కొలబద్ద అయితే ఆ చిన్న ఊళ్ళకు చోటు దక్కేది కాదు.

బొగోటా ఉదాహరణ మనకు మరింత దగ్గరిది. ధనిక దేశపు నగరం కాకపోయినా, 1970వ దశకం నుంచే ఆదివారాలు ప్రధాన వీధులను మోటారు వాహనాలకు మూసి, నడిచేవారికి, సైకిళ్ళకు వదిలిపెట్టే ఆనవాయితీని అది నెలకొల్పింది. 2000 ఫిబ్రవరిలో ఒక పనిదినాన నగరమంతటా ప్రైవేటు కార్లను నిలిపివేసింది. అదే ఏడాది ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, దానిని ఏటా పాటించేలా నిర్ణయించింది. ఆ సంవత్సరాంతంలోనే బస్సులకు ప్రత్యేక మార్గాలు కేటాయించే ట్రాన్స్‌మిలెనియో వ్యవస్థ ఆరంభమైంది. ఆ తరువాతనే సదస్సుకు ఆతిథ్యమిచ్చింది. చేసి చూపిన తరువాత పిలవడం అంటే ఇదే.

మనం చేసిందేమిటి?

హైదరాబాద్‌ ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. 2015 ఆగస్టులో ఐటీ కారిడార్‌లో గురువారాలను కారు రహిత దినాలుగా పాటించాలన్న ప్రయత్నం మొదలైంది. 2021 ఆగస్టు 29 నుంచి ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్‌పై వాహనాలను నిలిపివేసి, కుటుంబాలు విహరించే వీలు కల్పించారు. చార్మినార్‌ చుట్టూ రాతి పరుపు వేసి వాహనాలను దూరంగా నిలిపారు. 2017 నవంబరులో మెట్రో రైలు పట్టాలెక్కింది. 2023 అక్టోబరు 1న బాహ్య వలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల పొడవున సౌర ఫలకాల నీడలో సైకిల్‌ మార్గం ప్రారంభమైంది.

అయితే వీటిలో అధిక భాగం సెలవు రోజు వినోదానికో, వ్యాయామానికో ఉపకరించేవే గాని, పనికి వెళ్ళే మనిషి నిత్య ప్రయాణాన్ని మార్చగలిగినవి తక్కువ. గురువారమైనా శుక్రవారమైనా ఐటీ కారిడార్‌ కార్లతోనే కిక్కిరిసి ఉంటుంది. సైకిల్‌ మార్గం నగరానికి పశ్చిమాన ఉన్నది. తూర్పు, దక్షిణ శివార్ల వారికి దానితో పనిలేదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్‌ తీరాన విద్యుత్‌ కార్ల పందెం నిర్వహించినప్పుడు నగరం నడిబొడ్డున రోడ్లు మూసివేశారు. పందెపు కార్ల కోసం రోడ్డు మూయగలిగిన యంత్రాంగం పాదచారుల కోసం మూయలేదా అన్న ప్రశ్నకు సమాధానం రావలసి ఉంది.

జిల్లాకేమిటి సంబంధం?

సదస్సు పేరుకు హైదరాబాద్‌ది అయినా, భారం మోసేది రంగారెడ్డి జిల్లా అన్నది గమనార్హం. ప్రతినిధులు దిగే శంషాబాద్‌ విమానాశ్రయం, సమావేశమయ్యే అంతర్జాతీయ సదస్సు కేంద్రం రెండూ ఈ జిల్లా పరిధిలోనివే. మెట్రో మొదటి దశ మార్గాలేవీ విమానాశ్రయానికి చేరవు. అక్కడినుంచి ఆర్టీసీ పుష్పక్‌ బస్సులు నడుస్తున్నాయి. అయితే సదస్సు కేంద్రం వాకిట మెట్రో స్టేషన్‌ లేదు. బస్సు దిగినా, రైలు దిగినా చివరి దూరానికి ఆటోయో కారో వెతుక్కోవలసిందే. కార్లు వద్దని చర్చించవలసిన ప్రతినిధులు కార్లలోనే వచ్చి పోతారన్న మాట.

ఇక ఇబ్రహీంపట్నం వైపు చూస్తే పరిస్థితి మరో రకంగా ఉంటుంది. మెట్రో ఎల్బీనగర్‌తోనే ఆగిపోయింది. నాగార్జునసాగర్‌ రహదారి వెంట కళాశాలలకు వెళ్ళే విద్యార్థులకు, ఆదిభట్ల పరిశ్రమలకు వెళ్ళే కార్మికులకు, నగరానికి కూరగాయలు మోసుకుపోయే రైతులకు బస్సో, ఆటోయో, ద్విచక్ర వాహనమో శరణ్యం. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం అమలులోకి రావడంతో బస్సు విలువ ఇంటింటికీ తెలిసివచ్చింది. 2022 ఆగస్టులో కొంగరకలాన్‌లో ప్రారంభమైన సమీకృత కలెక్టరేట్‌కు షాద్‌నగర్‌, చేవెళ్ళ ప్రాంతాల నుంచి అర్జీ పట్టుకుని వచ్చే వృద్ధుడికి, సొంత వాహనం లేకపోతే ఆ రోజు కూలి పోయినట్లే.

విదేశాలలో కారు లేని జీవనం ఒక ఆదర్శం. ఇక్కడ వేలాది కుటుంబాలకు అది ఎంచుకున్నది కాదు, తప్పనిసరి అయినది. కాలిబాట లేని రోడ్డు అంచున నడుస్తూ, నీడ లేని స్టాపులో నిలబడుతూ వారు ఇప్పటికే కారు లేకుండా జీవిస్తున్నారు. కాస్త సంపాదించగానే మొదట మోటారు సైకిల్‌, తరువాత కారు కొనాలని వారు తలపోయడంలో తప్పు లేదు. నడకను, బస్సును గౌరవప్రదమైన ప్రయాణాలుగా మార్చనంతకాలం ఏ సదస్సు ఉపన్యాసాలూ ఆ కోరికను ఆపలేవు.

ఏం చేస్తే అర్హత?

ఆతిథ్యం కోరదలిస్తే వేదికను రైలు మార్గం చెంతనే ఎంచుకోవడం మొదటి మెట్టు. లక్డీకాపూల్‌ సమీపంలోని రవీంద్రభారతి, నాంపల్లి ఎగ్జిబిషన్‌ మైదానం వంటివి మెట్రో దిగి నడిచి చేరదగిన చోట్లు. ఆడంబరం కొంత తగ్గినా, సదస్సు ఆశయానికి భంగం కలగదు. ప్రతినిధులకు బస్సు పాసు ఇచ్చి, ఒక రోజు ఉదయం ఇబ్రహీంపట్నం దాకా ప్రయాణించే అవకాశం కల్పిస్తే, మందిరంలో చూపే చిత్రాలకన్నా ఎక్కువే నేర్చుకుంటారు.

రెండవది, అంతకన్నా ముఖ్యమైనది, శివారు బస్సుల సంఖ్య పెంచడం, సాగర్‌ రహదారి వెంట కాలిబాటలు, నీడనిచ్చే స్టాపులు నిర్మించడం, కలెక్టరేట్‌కు అన్ని నియోజకవర్గ కేంద్రాల నుంచి నేరుగా బస్సులు నడపడం. వాహనాలను కాక మనుషులను తరలించడమే లక్ష్యమని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం స్పష్టంగా చెప్పింది. అది కాగితాలకే పరిమితం కారాదు.

సదస్సు వచ్చినా రాకపోయినా ఈ పనులు జిల్లాకు అవసరమే. అతిథుల కోసం వాకిలి ఊడ్చడం మన ఆచారం. ఆ వాకిట్లో నిత్యం నడిచేది ఇంటివారే అన్న సంగతిని పాలకులు గుర్తించవలసి ఉంది.