దేవుని కన్ను, దుకాణపు కన్ను

ఈ దినములలో మన ప్రసంగపీఠముల మీదనుండి ఒక ఉపమానము మాటిమాటికి వినబడుచున్నది. దేవుడు సీసీ కెమెరా వంటివాడట. రెప్ప వేయక మనలను కనిపెట్టుచున్నాడట. చేసినదెల్ల పరలోకములో రికార్డగుచున్నదట. తీర్పు దినమున తెరమీద వేసి చూపునట. ఆదివారపు బడి మొదలుకొని ఉజ్జీవ కూటముల వరకు ఇదే మాట. వినువారు జడిసి తల వంచుకొందురు గనుక బోధకునికి ఇది సులువైన ఆయుధము. అయితే ఇది 139వ కీర్తనను తలక్రిందులు చేసిన బోధయని నేను నిర్మొగమాటముగ చెప్పుచున్నాను.

ఈ ఉపమానము ఎక్కడ పుట్టినదో చూచుటకు దూరము పోనక్కరలేదు. సికింద్రాబాదు మోండా మార్కెట్టులో ఒకమారు తల పైకెత్తి నడచినచో చాలును. టోకు కూరగాయల బేరము చాలవరకు బోయినపల్లికి తరలిపోయినను, ఇక్కడి చిల్లర సందడి తగ్గలేదు. దుకాణముల చూరుల క్రింద, సందు మొగల స్తంభముల మీద కెమెరాలే. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేయబడిన ప్రజాభద్రతా చట్టము, ఒక్కమారు నూరుమంది గాని దినమునకు ఐదువందలమంది గాని కూడు స్థలములలో కెమెరాలుండవలెననియు, ఆ దృశ్యములను 30 దినములు భద్రపరచవలెననియు విధించెను. తరువాత తెలంగాణ పోలీసులు "నేను సైతం" అను పేర వీధివీధికి వాటిని పెట్టించిరి. 2022 ఆగస్టులో బంజారా హిల్స్‌లో పెద్ద కమాండ్ కంట్రోల్ కేంద్రము తెరవబడెను. దొంగను పట్టుటకు, తప్పిపోయిన బిడ్డను వెదకుటకు ఇవి ఉపకరించును. వాటితో నాకు జగడము లేదు. వాటికి దేవుని పేరు పెట్టువారితోనే నా జగడము.

మార్కెట్టు అంచున గోనెసంచి పరచుకొని కొత్తిమీర, కరివేపాకు అమ్ముకొను ఒక విశ్వాసి అట్టి ప్రసంగము విని నన్నడిగిన మాట ఇది: "అయ్యగారూ, షావుకారి మమ్ముల నమ్మకనే గద కెమెరా వెట్టిచ్చిండు. దేవుడు గూడ మమ్ముల గట్లనే జూస్తడా?"

బోధక సోదరులారా, ఈ ప్రశ్నకు మీ జవాబేమి?

కెమెరాను పెట్టించువాడు తన సరకు కొరకు పెట్టించును. మనుష్యుని కొరకు కాదు. అది చేతిని చూచును గాని ఆ చేయి ఎందుకు వణకుచున్నదో ఎరుగదు. ఆ అమ్మ ఎండకు సొమ్మసిల్లి పడినచో అది చక్కగా చూచును. చూచి, ఉన్నచోటనే యుండును. గడువు తీరగానే ఆమె పడిన సంగతియు తుడిచివేయబడును. మన ప్రభువు పైనుండి చూచి ఊరకుండలేదు, దిగివచ్చెను. బేత్లెహేములో పుట్టినవానికి ఇమ్మానుయేలను పేరు కావలివాని పేరా?

కీర్తనకారుడు తన కూర్చుండుటయు లేచుటయు దేవునికి తెలియునని చెప్పి, వెంటనే దేవుడు తన మీద చేయి ఉంచెనని చెప్పుచున్నాడు. కెమెరాకు చేయి ఎక్కడిది? తల్లి గర్భములో తాను రూపింపబడిన సంగతిని చెప్పుచు 15వ వచనములో అతడు వాడిన హెబ్రీ క్రియ, రంగునూలుతో బుటాపని చేయువాని పనిని తెలుపును. నిర్గమకాండము 26వ అధ్యాయములో గుడారపు ద్వారమునకు వేయు తెరను గూర్చియు అదే ధాతువు వచ్చును. పోచంపల్లి నేతగాడు తన చీరలో ఏ పోగు తెగినదో, ఎక్కడ ముడివేసెనో ఎరుగును. అంగడి కావలివాడు ఆ చీరను ఎవరైన ఎత్తుకొని పోవుదురేమోయని మాత్రమే చూచును. ఇద్దరును చూచుచున్నారు, అయినను రెండు చూపులును ఒక్కటియా?

హాగరును తలంచుకొనుడి. ఆదికాండము 16లో అబ్రాముగాని శారయిగాని ఆమెను ఒక్కమారైనను పేరుపెట్టి పిలువలేదు. వారికి ఆమె దాసి, అంతే. అరణ్యములో నీటి బుగ్గయొద్ద ఆమె పేరు పలికినవాడు యెహోవా దూత. (తిరిగి యజమానురాలి యొద్దకు పొమ్మన్న మాట కఠినమైనదే, దానిని నేను దాచను.) పారిపోయిన దాసికి, పట్టుబడితినన్న వణకు పుట్టవలసినచోట, తన్ను చూచువాడొకడు కలడన్న ధైర్యము పుట్టెను. ఆ ధైర్యముతోనే ఆమె దేవునికి పేరు పెట్టెను.

ఇక బేరము సంగతి. మత్తయి సువార్తలో కాసుకు రెండు పిచ్చుకలు. లూకాలో రెండు కాసులకు ఐదు. లెక్క చూడుడి: రెండు కాసులకు నాలుగే రావలెను గదా! ఆ ఐదవది కొసరు. మోండా మార్కెట్టులో బేరమాడిన వారికెవరికిని దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. టమాటాలు తూచిన పిమ్మట "కొంచెము కొత్తిమీర వేయరాదా?" అని మనమందరమును అడిగినవారమే. పైసా విలువ కట్టక సంచిలో వేయించుకొను ఆ ఆకువంటిదే ఐదవ పిచ్చుక. దానిని దేవుడు మరువడని ప్రభువు చెప్పెను, చెప్పి, భయపడకుడనెను. మనవారు అదే సర్వజ్ఞత్వమును పట్టుకొని భయపడుడని చెప్పుచున్నారు!

"ఆ లూకా 12లోనే, మరుగైనది బయలుపడుననియు, నరకములో పడద్రోయగలవానికి భయపడవలెననియు ఉన్నది గదా?" యని అడుగుదురు. ఉన్నది. దానిని కొట్టివేయువాడను కాను. ఆకాను సంగతి, అననీయ సప్పీరాల సంగతి నేనును బోధింతును. అయితే ఆ అధ్యాయము పరిసయ్యుల వేషధారణతో ఆరంభమగుచున్నదని చూడుడి. పైకి ఒకటి లోన ఒకటియైనవానికి బయలుపడుట భయమే. స్నేహితులారాయని పిలువబడినవారికి అదే నోట పిచ్చుకల మాట వచ్చెను. మీరో, మొదటి మాటను కొత్తిమీర అమ్ముకొను దానికిని, రెండవ మాటను ముందు వరుసలో కూర్చున్న షావుకారికిని పంచిపెట్టుచున్నారు.

పోనీ, ఆ బెదిరింపు వలన పరిశుద్ధతయైన కలుగునా? తక్కెడ పళ్లెము క్రింద చింతపండు అంటించువాడు కెమెరాకు వీపు త్రిప్పి అంటించును. చూడబడుదునన్న భయమొక్కటే నేర్చినవాడు కెమెరాకు అందని మూల ఏదో కూడ నేర్చుకొనును. ఏదెనులో ఆదాము చెట్ల చాటున నేర్చినది ఇదియే. మన సంఘములలో ఆదివారము ఒక ముఖము, సోమవారము ఒక ముఖము పెరుగుటకు ఈ బోధ కూడ కొంత కారణమని నా అభిప్రాయము.

139వ కీర్తన దేవుడు తన్ను పరిశోధించెనని మొదలై, ఇంకను పరిశోధింపుమను ప్రార్థనతో ముగియుచున్నది. ఏ దొంగయు కెమెరా యెదుట నిలిచి, నన్ను ఇంకొంచెము దగ్గరగా చూడుమని బతిమాలుకొనడు. ఈ కీర్తనను బెదిరింపుగా చదువు బోధకుడు ఆ చివరి రెండు వచనములను ఏ స్వరముతో చదువునో నాకు చెప్పవలెను.