పింగ్ చేస్తే ఊ కొట్టాలి

మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఫోన్ పెట్టేసేముందు ఒకటే మాట. "అమ్మా, ఏమైనా ఉంటే పింగ్ చెయ్యి." మొదటిసారి స్పీకర్‌లో అది విని మా అత్తగారు "పింగేటే? పింగాణీ కప్పులు పంపమంటన్నాడా?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. మెసేజ్ పెట్టమంటున్నాడని నేను సర్దుకున్నాను.

తర్వాత చదివి తెలుసుకుంటే అత్తగారి మాట మరీ తప్పేం కాదు. పింగాణీ కప్పు అంచు మీద చెంచాతో తడితే వచ్చే చప్పుడు ఇంచుమించు అదే. మనం ఖంగుమంది, టింగుమంది అన్నట్టే ఇంగ్లీషువాళ్ళు పింగ్ అంటారు. 19వ శతాబ్దంలో తుపాకీ గుండు చప్పుడుకి ఆ మాట వాడారు. పింగ్‌పాంగ్ ఆట పేరు కూడా బంతి చప్పుడులోంచి వచ్చిందే. రెండో ప్రపంచయుద్ధంలో నీళ్ళ అడుగున ఉన్న జలాంతర్గాముల్ని వెతకడానికి ఓడలోంచి ఒక శబ్దం పంపి, అది దేనికో తగిలి తిరిగొచ్చేదాకా చెవి ఒగ్గి వినేవారట. ఆ చప్పుడూ పింగే. 1983 డిసెంబరులో అమెరికా సైన్యం పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్ అనే ఆయన ఒక చిన్న ప్రోగ్రాం రాసి దానికి ఈ పేరే పెట్టాడు. అవతలి కంప్యూటర్‌ని "ఉన్నావా?" అని అడగడం, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో చెప్పడం, అంతే దాని పని.

అంటే పంపడం సగమే, తిరిగి రావడం మిగతా సగం. మన పిల్లలకి ఈ రెండో సగమే గుర్తుండదు.

ఇది మనకి కొత్త సంగతా? చిన్నప్పుడు మా అమ్మమ్మ కథ చెబుతూ "ఊ కొట్టండర్రా" అనేది. ఊ వినబడకపోతే రాకుమారుడు ఏ గుర్రం మీద ఉన్నా అక్కడే ఆగిపోవాల్సిందే. గోడకి చెప్పడానికి ఆవిడ ఒప్పుకునేది కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మావాడు విశాఖలో హాస్టల్లో ఉన్నాడు. తెల్లారేసరికి కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ నేల మీదున్నాయి. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. కొన్నాళ్ళకి జనరేటర్ ఉన్నవాళ్ళింట్లో ఛార్జింగ్ పెట్టుకుని, సిగ్నల్ దొరికేచోటు దాకా నడిచి వెళ్తే, వాడి మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి టింగుటింగుమంటూ వచ్చిపడ్డాయి. "అమ్మా", "అమ్మా ఉన్నారా", "ఎవరైనా పలకండి". ఇరవై పైనే. జవాబు రాకపోతే ఎలా ఉంటుందో వాడికి తెలీదని నేననను.

అయినా మొన్న మావయ్యగారి క్రియాటినిన్ రిపోర్టు ఫోటో తీసి పంపాను. ఉద్దానంలో ఆ అంకె ఎంత వచ్చిందో చూసేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడరు. రెండు నీలం గీతలు పడ్డాయి. మధ్యాహ్నం అయింది, రాత్రి అయింది. జవాబు లేదు. ఆ నీలం గీతలు ఫోన్ కొట్టిన ఊ, మనిషి కొట్టింది కాదు. మీటింగుల్లో ఉన్నాడట. నిజమే అయుండొచ్చు. కానీ "చూశానమ్మా, రాత్రికి చేస్తాను" అని రాయడానికి ఎంతసేపు పడుతుంది?

అదే అడిగాను. "పింగ్ చెయ్యమన్నది నువ్వే కదరా, ఆ మాటలోనే జవాబు ఉంది" అని మైక్ మూస్ సంగతంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నువ్వు ఇవన్నీ ఎప్పుడు చదివావమ్మా?" అన్నాడు. జవాబు దాటేశాడని తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు పలాస ఆసుపత్రి నుంచి వస్తూ దారిలోనే మెసేజ్ పెడుతున్నాను. ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి గంటకి, "ఊ" అని వస్తోంది. ఒక్క అక్షరం. అత్తగారు గుమ్మంలోనే అడుగుతారు, "పింగాణీవోడు పలికాడా?" అని.